తొలిప్రేమలో మెలకువ: తెలిసిందేమిటి, తెలిసినట్టు అనిపించిందేమిటి

మొదటిసారి ప్రేమలో పడ్డ కుర్రవాళ్ళని కాస్త మాట్లాడనిచ్చి వింటే ఒక తమాషా కనిపిస్తుంది. "తన నవ్వు బాగుంటుంది", "తనతో మాట్లాడుతుంటే టైమే తెలీదు" లాంటి మాటలు ముందొస్తాయి. అవి ఎవరైనా ఊహించగలిగినవే. ఇంకాసేపు ఆగితే వేరే రకం మాటలు బయటికొస్తాయి. "అప్పటిదాకా నిద్రలో ఉన్నట్టున్నాను." "రోజూ నడిచే దారిలోనే చెట్లు కొత్తగా కనబడ్డాయి." "ఆ వారమంతా ఎవరి మీదా కోపం రాలేదు." "దేవుడు ఉన్నాడేమో అని మొదటిసారి అనిపించింది." ఈ చివరి మాట గుడి మెట్లు ఎక్కనివాళ్ళ నోట కూడా వింటాం.

ఈ మాటలకి లోకం ఇచ్చే జవాబులు రెండే. ఇంట్లోవాళ్ళు "వయసు అలాంటిది, అదే తగ్గుతుంది" అంటారు. కవిత్వం తలకెక్కినవాళ్ళు "ప్రేమే దైవం" అంటారు. మొదటి జవాబు ఆ పిల్లవాడికి నిజంగా జరిగినదాన్ని కొట్టిపారేస్తుంది. రెండోది జరగనిదాన్ని కూడా జరిగిందని ఒప్పేసుకుంటుంది. నా లెక్కలో రెండోదే ఎక్కువ హాని చేస్తుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆ అనుభవంలో మూడు పోగులు పెనవేసుకుని ఉంటాయి. ఒకటి ఒంటిది, ఒకటి ఊహది. మూడోదానికి మాత్రమే మెలకువ అనే పేరు తగుతుంది. చిక్కేమిటంటే, అనుభవిస్తున్నవాడికి మూడూ ఒకే తాడులా తగులుతాయి. పైగా మొదటి రెండూ చేసే హడావిడిలో మూడోదాని చప్పుడు వినబడదు.

ఆ వయసులోనే ఎందుకు

మతానుభవాల మీద మనస్తత్వశాస్త్రం మొదలైన రోజుల్లోనే ఈ వయసు సంగతి బయటపడింది. 1899లో ఎడ్విన్ స్టార్‌బక్ అనే అమెరికన్ పరిశోధకుడు, జీవితం ఒక్కసారిగా భక్తి వైపు తిరిగినవాళ్ళ వివరాలు సేకరించి చూస్తే, ఆ మలుపులు ఎక్కువగా కౌమారంలోనే వచ్చాయి. చిన్నప్పటి నమ్మకం ఇంట్లోవాళ్ళు ఇచ్చింది. దాన్ని ఎవరూ ఎంచుకోరు. పదహారు, పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి "ఇందులో నాది ఏది?" అనే ప్రశ్న లేస్తుంది. పాత ఇల్లు ఖాళీ చేసి, కొత్త ఇంట్లోకి ఇంకా చేరని కాలమది. సరిగ్గా అప్పుడే తలుపు తట్టేది తొలిప్రేమ.

మూడేళ్ళ తర్వాత, 1902లో, అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ మార్మికానుభవాలకి నాలుగు గుర్తులు చెప్పాడు. మాటల్లో పెట్టలేకపోవడం, ఏదో సత్యం తెలిసిందన్న గట్టి నమ్మకం, ఎక్కువసేపు నిలవకపోవడం, తన ప్రమేయం లేకుండా జరిగినట్టు అనిపించడం. ఆయన రాసింది సాధువుల గురించీ భక్తుల గురించీ. అయినా ఈ నాలుగింటినీ తొలిప్రేమ పక్కన పెట్టి చూడండి. నాలుగోదానికైతే తెలుగులో మాట సిద్ధంగా ఉంది: మనసు పారేసుకోవడం. కావాలని ఎవరూ దేన్నీ పారేసుకోరు. తడుముకున్నాకే పోయిందని తెలుస్తుంది.

గుర్తులు కలిసినంత మాత్రాన రెండూ ఒకటైపోవు. జ్వరానికీ ఎండదెబ్బకీ ఒళ్ళు కాలడం మామూలే కదా. కాకపోతే ఆ కుర్రవాడు "దేవుడు" అనే మాట ఎందుకు వాడాడో ఇక్కడ అర్థమవుతుంది. తనకి తెలిసిన మాటల్లో ఆ అనుభవానికి సరిపోయే కొలత అదొక్కటే.

ఇంకో ప్రయోగం నాకు చాలా ఇష్టం. 1995లో మనస్తత్వవేత్త ఆర్థర్ ఆరన్, ఆయన సహచరులు మూడు వందల మందికి పైగా కాలేజీ విద్యార్థులని పది వారాల్లో ఐదుసార్లు ఒకటే ప్రశ్న అడిగారు: "ఈరోజు నువ్వెవరు?" మనసుకి వచ్చింది రాయమన్నారు. ఆ పది వారాల్లో ప్రేమలో పడ్డవాళ్ళు తమ గురించి ముందుకన్నా ఎక్కువ రకాల మాటలు రాశారు. అంటే "నేను" అనే గది నిజంగానే పెద్దదైంది. కొత్త కిటికీలు వచ్చాయి. చెట్లు కొత్తగా కనబడ్డాయనడం ఉత్త కవిత్వం కాకపోవచ్చు.

ఒంటి పోగు

దీని గురించి ఇప్పుడు అందరికీ ఎంతోకొంత తెలుసు కాబట్టి త్వరగా దాటేస్తాను. 2005లో ఆరన్, హెలెన్ ఫిషర్, లూసీ బ్రౌన్ బృందం గాఢంగా ప్రేమలో ఉన్న 17 మందికి తమ ప్రియమైనవాళ్ళ ఫోటో చూపిస్తూ మెదడు స్కాన్ చేసింది. డోపమిన్ అనే మెదడు రసాయనం ఎక్కువగా పనిచేసే చోట్లు చురుకయ్యాయి. "ఇంకా కావాలి" అని మనిషిని ముందుకి తోసే యంత్రాంగం అది. దాహంలాంటిదన్నమాట. 1999లో ఇటలీలో జరిగిన ఒక చిన్న అధ్యయనంలో కొత్తగా ప్రేమలో పడ్డ 20 మంది రక్తం పరీక్షిస్తే, సెరటోనిన్ అనే ఇంకో రసాయనానికి సంబంధించిన ఒక కొలత, చేసిందే చేయకుండా ఉండలేని మానసిక సమస్య ఉన్నవాళ్ళలో లాగే తక్కువగా కనిపించింది. మనస్తత్వవేత్త డొరతీ టెన్నోవ్ 1979లోనే ఈ స్థితికి "లిమరెన్స్" అని పేరు పెట్టింది. ఒకే మనిషి గురించి ఆపకుండా ఆలోచించడం, చిన్న సైగలో కూడా ఆశ వెతకడం, అవతలివాళ్ళు కూడా తనని కోరుకోవాలని తపించడం దాని లక్షణాలు.

నిద్ర పట్టకపోవడం, మెసేజ్ శబ్దానికి గుండె దడదడలాడటం, ఆకలి వేయకపోవడం ఈ పోగు చేసే పనులే. "అదంతా రసాయనమే" అని తేల్చేసేవాళ్ళ మాట మాత్రం సగమే నిజం. లెక్క చేస్తున్నప్పుడు కూడా మెదడులో రసాయనాలు కదులుతాయి. అంతమాత్రాన లెక్క తప్పైపోదు, ఒప్పూ అయిపోదు. అనుభవం ఎంత ఉధృతంగా ఉందో రసాయనం చెబుతుంది. అది నిజమా కాదా అని చెప్పడం దాని పని కాదు. కుర్రవాళ్ళు పొరబడేది ఇక్కడే: "ఇంత గట్టిగా అనిపించిందంటే నిజమే అయ్యుండాలి." గట్టిగా అనిపించడానికి దాహం చాలు.

ఉప్పు కొమ్మ

రెండో పోగు ఊహది. దీనికి 1822లో స్టెండాల్ అనే ఫ్రెంచి రచయిత చెప్పిన పోలికని మించింది నాకింకా కనబడలేదు. సాల్జ్‌బర్గ్ దగ్గరి ఉప్పుగనుల్లో ఆకులు రాలిన ఎండుకొమ్మ ఒకటి పడేసి రెండు మూడు నెలలాగి తీస్తే, దాని నిండా ఉప్పు స్ఫటికాలు పట్టి వజ్రాల్లా మెరుస్తుందట. అసలు కొమ్మ ఏదో ఇక గుర్తుపట్టలేం. ప్రేమించేవాడి మనసు చేసే పని ఇదేనంటాడాయన. అవతలి మనిషి మీద రోజుకో స్ఫటికం పేరుకుంటూ పోతుంది.

తెలిసింది తక్కువైనకొద్దీ స్ఫటికాలు ఎక్కువ పడతాయి. రోజూ పోట్లాడుకునే పిన్ని కూతురు మీద పడవు. దూరం నుంచి చూసే మనిషి మీద, నాలుగు ఫోటోలూ రెండు స్టేటస్‌లూ తప్ప ఏమీ తెలియని మనిషి మీద బ్రహ్మాండంగా పడతాయి. ఫోన్ వచ్చాక ఈ ఉప్పుగని జేబులోకి వచ్చేసింది.

పంతొమ్మిదేళ్ళప్పుడు నేను రాసుకున్న డైరీ ఒకటి ఈమధ్య దొరికింది. నలభై పేజీలకు పైగా ఒకమ్మాయి గురించే. సిగ్గుపడుతూనే అంతా చదివాను. "నాకు అనిపించింది", "నాలో ఏదో విచ్చుకుంది", "నా ఆత్మ" లాంటి మాటలు పేజీకి పదిసార్లున్నాయి. ఆ అమ్మాయి అన్న మాటలు మొత్తం డైరీలో రెండే. అందులో ఒకటి, "ఆ పుస్తకం ఎప్పుడిస్తావు?" తనకి ఏం ఇష్టమో, దేనికి భయపడేదో, ఇంట్లో తన పరిస్థితి ఏమిటో ఒక్క వాక్యం లేదు. నాకు ఆధ్యాత్మికానుభవం కలిగిందని నలభై పేజీలు రాసుకున్నాను. ఆ అనుభవానికి కారణమైన మనిషిని నేను చూడనే లేదు.

స్ఫటికాలు మెరిసింది అబద్ధమని కూడా అనలేను. ఆ మెరుపు నాలోదే. అంత అందాన్ని ఊహించగల శక్తి నాకుందని అప్పటిదాకా నాకు తెలీదు. తెలియడం మంచిదే. తప్పల్లా చిరునామా దగ్గర జరిగింది.

మూడో పోగు

ఇక్కడ నెమ్మదిగా నడవాలి. ఎవరి మీదా కోపం రాలేదన్న మాట మళ్ళీ చూడండి. దాహం దీన్ని వివరించలేదు. దాహం వేసినవాడికి లోకం మీద జాలి పుట్టదు. ఊహ కూడా వివరించలేదు. స్ఫటికాలన్నీ ఒకే కొమ్మ మీద పడాలి, మరి బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన కూడా ఎందుకు ముద్దొచ్చాడు?

నిద్ర లేచినప్పటి నుంచి "నేను, నాది, నాకు" అని తిరిగే చూపు మొట్టమొదటిసారి బయటికి మళ్ళింది. మళ్ళిన చూపు ఒక్కరి దగ్గరే ఆగకుండా చుట్టూ ఉన్నవాటి మీద కూడా పడింది. మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ లాంటి అనుమానప్పక్షి కూడా ఈ చోట ఆగాడు. ఫ్రెంచి రచయిత రొమె రొలాఁ ఆయనకి 1927లో ఉత్తరం రాస్తూ, మతానికి మూలం "సముద్రంలాంటి" ఒక హద్దుల్లేని భావన అన్నాడు. దానికి జవాబుగా 1930లో ఫ్రాయిడ్, అలాంటిది తనలో ఎక్కడా కనబడలేదని ఒప్పుకుంటూనే, ఆరోగ్యంగా ఉన్న మనిషికి "నేను"కీ "నువ్వు"కీ మధ్య గీత చెరిగిపోయేలా అనిపించే సందర్భం ప్రేమేనని రాశాడు.

గ్రీకు తత్వవేత్త ప్లేటో ఇదే సంగతిని ఇంకాస్త ఒంటికి దగ్గరగా చెప్పాడు. అందాన్ని చూసిన ఆత్మకి రాలిపోయిన రెక్కలు మళ్ళీ మొలుస్తాయట. మొలిచేటప్పుడు, పళ్ళు వచ్చే పసిపిల్లల చిగుళ్ళలా, దురదగా నొప్పిగా ఉంటుందట. ఇరవైనాలుగు వందల ఏళ్ళ నాటి పోలిక. తొలిప్రేమలో చిరాకు ఎందుకుంటుందో దీనికన్నా బాగా చెప్పినవాళ్ళు అరుదు.

మన వైపు ఇదే చిక్కుని రెండు ప్రాచీన వాక్యాలు పైకి ఎదురెదురుగా నిలబడి విప్పుతాయి. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు భార్య మైత్రేయితో అంటాడు: భర్త కోసం భర్త ప్రియుడు కాడు, ఆత్మ కోసమే ప్రియుడు. భార్య కూడా అంతే, బిడ్డలూ అంతే. "అంటే అంతా స్వార్థమేగా" అని చాలామంది ఇక్కడే పుస్తకం మూసేస్తారు. నారదుడి పేరు మీద ఉన్న భక్తిసూత్రాలు గోపికల ప్రేమ గురించి చెబుతూ అసలు ప్రేమకీ ఉత్త మోహానికీ తేడా ఒక్క మాటలో తేల్చేశాయి: తత్సుఖసుఖిత్వం. అవతలివారి సుఖంలో తాను సుఖపడటం. మోహంలో అది ఉండదని సూత్రం.

ఒకరు నీకోసమే అంటున్నారు, ఇంకొకరు వాళ్ళకోసమే అంటున్నారు. యాజ్ఞవల్క్యుడి "ఆత్మ" నా పేరూ నా ఊరూ ఉన్న ఈ చిన్న నేను కాదు. తనలోనూ మైత్రేయిలోనూ ఒకటిగా ఉన్నది. అలా చదివితే ఇద్దరూ ఒకే గుమ్మానికి రెండు వైపుల నుంచి నడిచి వస్తున్నారు. పండితులు దీనికి ఇంకా లోతైన వివరణలు ఇస్తారు. ఇరవయ్యేళ్ళవాడికి మాత్రం నారదుడి మాటే ముందు పనికొస్తుంది, ఎందుకంటే దాన్ని సాయంత్రంలోగా పరీక్షించి చూసుకోవచ్చు. తనకి వేరే ఊళ్ళో మంచి ఉద్యోగం వచ్చింది. ఆ వార్త విన్న మొదటి క్షణంలో నీకు ఏమనిపించింది? "మరి నా సంగతి?" అన్నది రెండో క్షణంలో వస్తే ఫర్వాలేదు, మనుషులం. మొదటి క్షణంలో ఏ కాస్త సంతోషం మెరిసినా, ఆ కాస్తే మూడో పోగు.

నిచ్చెన, వంతెన

ఇక్కడ ఒక పేచీ ఉంది. ప్లేటో రాసిన విందు సంభాషణలో దియోతిమా అనే ఆమె మెట్లు చెబుతుంది. ఒక అందమైన దేహాన్ని ప్రేమించు, తర్వాత అందమైన దేహాలన్నిటిలోనూ ఉన్నది ఒకటేనని గమనించు, ఆ పైన మనసుల అందం, ఆచారాల, చట్టాల అందం, విద్యల అందం, చివరికి అందమే. ఎంత బాగున్నా నాకు ఈ నిచ్చెన మీద ఒక ఫిర్యాదు ఉంది. మొదటి మెట్టు మీద నిలబడ్డ మనిషి మాటేమిటి? "నీ మీద కాలేసి పైకెక్కాను, థాంక్స్" అంటే వినడానికి ఎవరికి బాగుంటుంది?

సూఫీల దగ్గర నిచ్చెనకి బదులు వంతెన ఉంది. మనిషి మీది ప్రేమ దేవుడి మీది ప్రేమకి వంతెన అంటారు. సూఫీ తత్వవేత్త ఇబ్న్ అరబీ 1202లో మక్కా చేరి, అక్కడ నిజామ్ అనే యువతిని చూసి, ఆమె అందానికీ చదువుకీ ముగ్ధుడై కొన్నేళ్ళకి ఒక ప్రేమకవితల సంపుటి తెచ్చాడు. ఇదేం వేదాంతం, మామూలు వలపు పాటలే కదా అని కొందరు వేలెత్తి చూపితే, ప్రతి కవితకీ దైవపరమైన అర్థం చెబుతూ తనే వ్యాఖ్యానం రాయాల్సి వచ్చింది. ఆ వ్యాఖ్యానం గొప్పదే కావచ్చు. ముందుమాటలో నిజామ్ తెలివినీ మాటతీరునీ ఆయన పేరుపెట్టి పొగిడిన పేజీలే నాకు ఎక్కువ నచ్చుతాయి. అక్కడ ఆమె ఇంకా మనిషే.

అంతకన్నా నచ్చేది మన లీలాశుకుడి కథ. బిల్వమంగళుడన్నా ఆయనే. వరదలో ఏటికి అడ్డంపడి, అర్ధరాత్రి చింతామణి అనే వేశ్య ఇంటికి చేరాడని ఐతిహ్యం. ఆమె అతన్ని చూసి మురిసిపోలేదు. ఇందులో సగం తపన దేవుడి మీద పెట్టినా తరించేవాడివి కదా అని చివాట్లు పెట్టింది. ఇది చరిత్రో కథో అన్న తగువు అలా ఉంచండి. ఆయన రాసిన కృష్ణకర్ణామృతం మొదటి శ్లోకం "చింతామణిర్జయతి" అంటూనే మొదలవుతుంది, గురువు సోమగిరి పేరు ఆ తర్వాతే వస్తుంది. సంప్రదాయం ఆ మొదటి మాటలో ఆమె పేరే విన్నది. ఈ కథలో ప్రియురాలు మెట్టు కాదు. ఎదురు నిలబడి మాట్లాడిన మనిషి. అతను మేలుకున్నది ఆమె అందానికి కాదు, ఆమె మాటకి.

"వద్దు" అన్నప్పుడు

ప్రేమే దైవం అన్న జవాబు ఎక్కువ హాని చేస్తుందని మొదట్లో అన్నాను. కారణం ఇది. నా ప్రేమ పవిత్రం అని నమ్మినవాడికి "వద్దు" అన్న మాట వినబడదు. పవిత్రమైనదాన్ని కాదనే హక్కు ఎవరికుంటుంది? కాబట్టి అది పరీక్ష అనుకుంటాడు. ఆమెకి తన మనసు తనకే తెలీదనుకుంటాడు. ఎదురు చూడటం తపస్సు అయిపోతుంది, వెంటపడటం భక్తి అయిపోతుంది. మెలకువ అని పేరు పెట్టుకున్నది నిజానికి గాఢనిద్ర, ఎందుకంటే ఆ గదిలో రెండో మనిషే లేదు. అమ్మాయిలు కూడా దీనికి అతీతులు కారు. కాకపోతే వాళ్ళలో ఎక్కువగా ఇది లోపలికి తిరుగుతుంది: అవమానాన్ని ఓర్చుకోవడమే ప్రేమ అనుకోవడం, అతను ఎలా చూసినా ఆరాధన ఆపకపోవడం.

విరహం అనే మాట మన పదకర్తల చేతుల్లో ఎంత ఎత్తుకి వెళ్ళిందో తెలిసినవాళ్ళం కాబట్టి, ప్రతి ఎడబాటునీ ఆ మాటతో అలంకరించడం మనకి సులువు. 2010లో ఫిషర్ బృందమే ప్రేమలో తిరస్కారం పొందిన 15 మందిని స్కాన్ చేసింది. వదిలి వెళ్ళినవాళ్ళ ఫోటో చూస్తే అదే దాహపు యంత్రాంగం ఇంకా చురుగ్గా ఉంది. మత్తుమందు కోసం తహతహలాడే మెదడులో కదిలే చోట్లు కూడా వాటిలో ఉన్నాయి. అంటే వెళ్ళిపోయిన మనిషి కోసం కొట్టుకుపోవడం దానంతట అది భక్తి కాదు. వారాల తరబడి తిండీ నిద్రా లేకపోయినా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి నోట వచ్చినా, దానికి విరహమనీ వైరాగ్యమనీ పేర్లు వెతక్కుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆ మాట అన్నవాళ్ళని ఒంటరిగా వదలకూడదు.

అయినా మూడో పోగు బయటపడేది సాధారణంగా ఇక్కడే. అన్నీ కలిసొచ్చినన్నాళ్ళూ మూడింటినీ విడదీయడం కష్టం. ఉప్పు కరిగి, దాహానికి నీళ్ళు దొరకవని తేలాక కూడా ఏమైనా మిగిలిందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

ఇటలీలోని ఫ్లోరెన్స్ కుర్రవాడు, కవి దాంతే ఈ దారంతా నడిచి, ఎక్కడ మలుపు తిరిగాడో కూడా రాసిపెట్టాడు. 1265లో పుట్టినవాడు, తొమ్మిదేళ్ళప్పుడు బియాట్రిస్‌ని మొదటిసారి చూశాడు. మళ్ళీ తొమ్మిదేళ్ళకి వీధిలో ఆమె పలకరించింది. ఆ పలకరింపే అతనికి స్వర్గం. తర్వాత అతని గురించి ఏవో పుకార్లు విని ఆమె పలకరించడం మానేసింది. గదిలోకి వెళ్ళి పసివాడిలా ఏడుస్తూ నిద్రపోయానని తనే రాసుకున్నాడు. కొన్నాళ్ళకి ఆమెని తెలిసిన కొందరు స్త్రీలు ఆపి అడిగారు: ఆమె ఎదట నిలబడటం కూడా నీ చేత కాదు, ఇంక ఈ ప్రేమకి పరమార్థం ఏమిటి? ఒకప్పుడు ఆమె పలకరింపే నా ఆనందం, ఇప్పుడు అది లేదు కాబట్టి, నానుంచి ఎవరూ తీసేసుకోలేని చోట ఆనందాన్ని పెట్టుకున్నాను, ఆమెని పొగిడే మాటల్లో అన్నాడు. ఆ స్త్రీలు అంతటితో ఊరుకోలేదు. అదే నిజమైతే ఇన్నాళ్ళూ రాసినవన్నీ నీ బాధ గురించే ఎందుకున్నాయి అని నిలదీశారు. అతను సిగ్గుపడి వెళ్ళిపోయాడు. కొన్ని రోజులు కలం ముట్టడానికి భయపడ్డాడు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు పద్యాల్లో "నేను" తగ్గింది.

బియాట్రిస్ 1290లో చనిపోయింది. దాంతే రాసిన పెద్ద కావ్యంలో స్వర్గమంతా అతన్ని వెంటబెట్టుకుని తిప్పేది ఆమే. దాదాపు చివరికొచ్చాక అతను ఏదో అడగబోయి పక్కకి తిరిగితే ఆమె ఉండదు. పైన చాలా దూరంలో తన చోట తాను కూర్చుని కనబడుతుంది. అతను కృతజ్ఞతలు చెబుతాడు. ఆమె ఒకసారి నవ్వి, అతని వైపు చూసి, మళ్ళీ తను చూస్తున్న వెలుగు వైపే తిరుగుతుంది.